గోడ అవతలి మెత్తని చప్పుడు

మంగళవారం, మధ్యాహ్నం

తమ్ముడికి,

నువ్వు అబద్ధాలకోరువి.

క్షేమసమాచారాలు అడిగాక ఈ మాట అంటే మర్యాదగా ఉండేదని తెలుసు. కానీ గోడకి ఇవతల నేను, అవతల నువ్వు. నీ క్షేమం నీ దగ్గుతో సహా రోజూ నా చెవిన పడుతూనే ఉంది. కాబట్టి పెద్దదాన్నిగా ఇవ్వాల్సిన ఆశీస్సులు ఇచ్చాననుకో, తలొంచి అందుకున్నానని నువ్వూ అనుకో, అసలు సంగతికొద్దాం.

తుపాకీ ఉంది. నీ పెరట్లోనే ఉంది. పేలుతూనే ఉంది.

నీ షెడ్డులో పంపు బాగుచేయించుకున్న పెద్దమనిషెవరో అటక దులుపుతూ నీకిచ్చాడన్న ఆ ఎయిర్ గన్ను సంగతే చెబుతున్నాను. పోయిన నెల మొదటిసారి నువ్వు దాన్ని పేల్చినప్పుడు నా రాతబల్ల మీద కలం గెంతింది. ఠాప్! ఠాప్! పత్రికకి పంపాల్సిన వ్యాసం సగంలో ఆగిపోయింది. అదీ ఏ వ్యాసం? ఇళ్లల్లో ఆయుధాలు ఎందుకని నిలదీసే వ్యాసం! లేచొచ్చి నిన్ను అడిగితే, ఖాళీ డబ్బాలు కొట్టుకుంటున్నానక్కా, డబ్బాలకి ప్రాణముంటుందా ఏమిటి అన్నావు. తీసెయ్ అన్నాను. సరే అన్నావు. నాతో వాదించకుండా సరే అన్న మనిషిని నేనింతవరకూ నమ్మలేదు. నిన్ను మాత్రం ఎందుకు నమ్మానో!

మర్నాటి నుంచి చప్పుడు ఆగింది. అక్క గెలిచిందని వీధంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. వ్యాసం పూర్తిచేశాను, అచ్చయింది కూడా. ఆ తర్వాత ఒక సాయంత్రం వినబడింది. తుప్. తడిబట్టని బండ మీద పడేసినట్టు. కాసేపు ఆగి మళ్లీ తుప్. ఇంకొకరైతే మరదలు బట్టలుతుకుతోంది అనుకుని ఊరుకునేవారు. నేను ఊరుకుంటానా?

మీ ఆవిడని అడిగాను. దానికి అబద్ధం అల్లడమూ రాదు, నిజం దాచడమూ రాదు. వదినా, నీకు చప్పుడు పడదని లోపల స్ప్రింగు చుట్లు కోసేశారు, గుండు పెట్టడానికి వంచే ఆ గొట్టం ఇప్పుడు చిన్నపిల్ల వంచినా వంగుతుంది, అనేసి నాలిక కరుచుకుంది. ఎందుకు కరుచుకున్నట్టు? మొగుడు నా మాట విన్నాడని చెప్పుకోవడానికి నాలిక కరుచుకోవాలా?

ఒరేయ్, నేను తీసెయ్యమన్నది తుపాకీని. నువ్వు తీసేసింది చప్పుడుని.

ఈ విద్య నువ్వు కనిపెట్టింది కాదులే. నేను పనిచేసిన అచ్చాఫీసులో పాత మేనేజరు అరిచేవాడు. ఆ అరుపు వినగానే మిషన్లు ఆపి అందరం ఒకచోట చేరేవాళ్లం. ఆయన పోయి కొత్తాయన వచ్చాడు. గొంతు పెంచడు. ఊడ్చే ఆవిడని కూడా గారూ అంటాడు. మనిషిని లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, టీ తెప్పిస్తాడు. ఏడాది తిరిగేసరికి సగం మంది లేరు. పోయిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. అప్పటినుంచీ నాకు అరిచేవాడంటే భయం పోయింది, మెత్తగా మాట్లాడేవాడంటే ఒళ్లు జలదరిస్తుంది. ఠాప్‌మన్న తుపాకీకి కనీసం నిజాయితీ ఉంది. నేనిక్కడున్నాను, రా, తేల్చుకో అంటుంది. తుప్‌మన్నదానితో ఎవరు పోట్లాడతారు?

బలం తగ్గించేశానక్కా, ఇప్పుడది చీమని కూడా చంపదు అని నువ్వు గోడ మీంచి వాదించావు. చంపదు, నిజమే. నా భయం అదే. గట్టి దెబ్బ తగిలిన జీవి అక్కడే పడుతుంది, చేసినవాడికి జవాబు చెప్పుకోక తప్పదు. నీరసం దెబ్బ తగిలినది కుంటుకుంటూ పోయి ఎవరి దూలాల కిందో దూరి, నాలుగు రోజులు మూలిగి పోతుంది. నీ పెరట్లో చప్పుడు ఉండదు, శవం ఉండదు, రక్తం మరకా ఉండదు. ఆ పనితనం నీకుంది. పంపు విప్పితే బోల్టు కిందపడిన శబ్దం రాకుండా విప్పుతావు.

ఇప్పుడు చెప్పు. ఇన్‌స్పెక్టరు ఏడి?

ఆ ఒంటికన్ను పిల్లి ఎవరిదీ కాదు, వీధి అందరిదీ. రోజూ నీ గోడా నా గోడా కలిసేచోట కూర్చుని వచ్చేపోయేవాళ్లని ఎగాదిగా చూసేది. దాని పాలగిన్నె వారం నుంచి నింపింది నింపినట్టే ఉంది. పాలు విరిగిపోతున్నాయి. నిన్నడిగితే, ఎక్కడో సంబంధం కుదిరుంటుందక్కా అన్నావు. ముసలి పిల్లికి సంబంధాలేమిట్రా? సమాధానం లేనప్పుడే నీకు హాస్యం పుట్టుకొస్తుంది. చిన్నప్పుడు నా కలం నిబ్బు విరగ్గొట్టిన రోజున కూడా ఇలాగే నవ్వించావు.

ఇంకా వినిపించుకో. పెరటి తలుపుకి లోపలివైపు కొత్త గడియ. గోడకి వేలాడదీసిన పాత బొంత. ఆటోలో దించిన ఇసక బస్తాలు. డబ్బాలు కొట్టుకునేవాడికి గడియ ఎందుకు, బొంత ఎందుకు? పైగా నా మంచం మీద తలగడ మాయమైంది. అపరాధ పరిశోధన పుస్తకాలు నేనూ చదివాను, తలగడతో ఏం నొక్కుతారో నాకు తెలియకపోలేదు.

అన్నిటికంటే నీచం, మా అత్తగారిని బుట్టలో వేసుకోవడం.

మణికట్టు విరిగి, కట్టు విప్పినప్పటినుంచీ ఆవిడని పువ్వులా చూసుకుంటున్నాను. చాకు ముట్టుకోనివ్వను. పొయ్యి దగ్గరికి రానివ్వను. మెట్లెక్కనివ్వను. వెలుతురు తగిలేలా కిటికీ పక్కన మంచి కుర్చీ వేయించాను. నీళ్లు కూడా చేతికే అందిస్తున్నాను. ఏ కోడలు చేస్తుందిరా అంతకంటే? అలాంటి మనిషి ఎండ వాలేసరికి ఆ కుర్చీ వదిలి మీ ఇంటికి బయలుదేరుతుంది. మీ ఆవిడకి బఠానీలు ఒలిచి పెడుతుందట. రోజూ బఠానీలేనా? మీ వంటింట్లోంచి బఠానీల కూర వాసన ఒక్కనాడూ ఇటు రాలేదే!

తిరిగొచ్చేసరికి వేళ్లకి బూడిదరంగు మరక. ఏమిటత్తయ్యా అంటే, పెన్సిలే అంది. నేను కాపరానికొచ్చాక ఆవిడ పెన్సిలు పట్టుకోగా చూడలేదు. నిన్ను నాలుగు తిడదామని నోరు తెరిస్తే, పిల్లాడి జోలికి పోకు, బంగారం వాడు అంటుంది. పిల్లాడట! గడ్డం నెరిసిన పిల్లాడు! నా పాత పత్రికల కట్ట పలచబడుతోందేమని అడిగితే, అరల్లో పరిచాను అంది. అరలు తెరిచి చూశాను, ఉత్త చెక్క. జీవితంలో అబద్ధమాడని మనిషికి ఈ వయసులో ఆ విద్య ఎవరు నేర్పారు? నువ్వు ఆవిడ కళ్లముందే ఏదో చేస్తున్నావు. సాక్షిని తాయిలాలు పెట్టి మేపుతున్నావు.

కాబట్టి విను. ఆదివారం వీధి సంఘం కూర్చుంటోంది. కార్యదర్శిని నేనే. ఇళ్ల మధ్య నీ పంపుల షెడ్డు ఉండకూడదని నిరుడు అందరూ లేస్తే, గొంతు బొంగురుపోయేదాకా నీ తరఫున వాదించి నిలబెట్టింది కూడా నేనే. ఈసారి అదే గొంతుతో తీయించెయ్యమంటాను. ఆ షెడ్డు పోతే నీ ఇంట్లో పొయ్యి వెలగదని తెలుసు. తెలిసే అంటున్నాను. ఊరందరికీ ఒక న్యాయం, తోడబుట్టినవాడికి ఒక న్యాయం నా దగ్గర లేదు.

నా డిమాండ్లు వేరే కాగితం మీద రాసి జతచేశాను. సంతకం పెట్టి పంపు. నవ్వించడానికి మాత్రం రాకు.

కోపంతోనూ, తెంచుకోవడానికి వీల్లేని చుట్టరికంతోనూ,
నీ అక్క

తా.క. (సాయంత్రం): ఉత్తరం మడిచి, నీ ముఖాన కొట్టిపోదామని నేనే వచ్చాను. గడియ వేసుంది. లోపల తుప్. వెనక్కొచ్చి, ఈ వయసులో ఈ మోకాళ్లతో, బట్టలుతికే బండ ఎక్కి గోడ మీంచి తొంగిచూశాను.

నువ్వు కాదు. అత్తగారు.

నీ స్టూలు మీద, చేతులు పైకి మడిచి, ముక్కు మీద నువ్వు షెడ్డులో పెట్టుకునే కళ్లద్దాలు. ముందు బల్ల మీద నా తలగడ, తలగడ మీద తుపాకీ. గొట్టాన్ని పట్టుకుని, ఆ విరిగి అతికిన చేత్తోనే, కిందికి వంచింది. నేను నీళ్ల గ్లాసు కూడా పట్టుకోనివ్వని చెయ్యి అది. గొట్టం వంగింది. చిన్నపిల్ల వంచినా వంగుతుందని మీ ఆవిడ ఎందుకందో అప్పుడర్థమైంది. సీసం గుండు వేలితో పెట్టింది. ఆవిడ చెప్పిన పెన్సిలు మరక అదన్నమాట.

ఎదురుగా ఇసక బస్తాకి గుచ్చిన కాగితం, నా వ్యాసం. నా ఫోటోతో సహా. తుప్. చివరి పేరాలో పడింది. నువ్వు చప్పట్లు కొట్టకుండా రెండు చేతులూ గాల్లో ఆడించావు. స్టూలు కింద ఇన్‌స్పెక్టరు పొట్ట పైకి పెట్టి నిద్రపోతోంది. చెవి కూడా కదపలేదు.

మెల్లగా అత్తయ్యా, అక్క వింటుంది అన్నావు. ఆవిడ మళ్లీ గొట్టం వంచుతూ, వింటే విననీరా, మా కోడలు ఊళ్లో ఆడవాళ్లందరికీ స్వేచ్ఛ ఇప్పించింది, నాకు మాత్రం కుర్చీ ఇప్పించింది అంది. ఇద్దరూ నవ్వారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. తుపాకీకే అనుకున్నాను, నవ్వుకి కూడా స్ప్రింగు కోశారు.

చప్పుడు చెయ్యకుండా బండ దిగొచ్చేశాను.

ఓడిపోయాననుకోకు. ఇంట్లో ఆయుధం తప్పేనన్న నా వాదన అలాగే నిలబడి ఉంది, చివరి పేరాలో ఒక చిల్లు పడింది, అంతే. దాని సంగతి ఆవిడతోనే తేల్చుకుంటాను, ఎదురెదురుగా, కుర్చీలు లేకుండా. ఆదివారం అజెండాలోంచి నీ షెడ్డు తీసేశాను. ముందు జతచేసిన కాగితం చింపేశాను. ఇప్పుడివి నా డిమాండ్లు:

1. తుపాకీకి తాళం వెయ్యాలి. తాళంచెవి అత్తగారి దగ్గరే ఉండాలి.

2. సబ్బుతో చేతులు కడిగించకుండా ఆవిడని ఇంటికి పంపకూడదు. సీసం విషం.

3. బలం తగ్గిన గుండు గట్టిదానికి తగిలి వెనక్కి ఎగురుతుంది. కళ్లద్దాలు నువ్వూ పెట్టుకోవాలి. బస్తాల్లో ఇసక తగ్గకూడదు. పిల్లిని ఇంకెక్కడైనా పడుకోబెట్టాలి.

4. పాలు రేపటి నుంచి అక్కడికే పంపుతాను. గిన్నె కడిగి పంపాలి.

5. తలగడ ఉతికి ఇవ్వాలి.

6. వ్యాసాలు వాడుకోవచ్చు. ఫోటో కత్తిరించాలి.

7. గడియ తీసెయ్యాలి.

8. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదు. గోడ ఇవతలికి వినబడాలి.