బురదలోంచి లేచిన పైకప్పు

డెన్నిస్ ఏరు,
1889 మార్చి 3

చర్చి కార్యదర్శి ఎనోస్ గారికి రోడా నమస్కరించి రాయునది.

మీ చర్చి కప్పుకి చెక్క పెంకులు కావాలన్నారు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కనుక, నాన్న చెబుతుంటే రాస్తున్నాను. మా చిత్తడి నేలలో పెరిగే దేవదారు చెక్క తేలిక, నీళ్లకి కుళ్లదు. ఈ బేరం కుదిరితే నా టీచరు చదువు పూర్తవుతుంది. లేకపోతే గాజు ఫ్యాక్టరీలో పనికి పోవాలి.

విధేయురాలు,
రోడా

తా.క. చెట్టు వయసు అడిగారు. "నిన్న కొట్టిందని రాసెయ్యవే" అన్నాడు నాన్న. అది అబద్ధం. ఆ చెట్టు పడిపోయి వెయ్యేళ్లయి ఉంటుంది. బురదలోంచి తవ్వి తీశాం.

మార్చి 11

కుమారి రోడాకి,

వెయ్యేళ్ల కిందట చచ్చిన చెట్టా? దేవుడింటి మీద శవాన్ని కప్పమంటావా? మా సభ్యులు హడలిపోయారు. బతికున్న చెట్టువే పంపాలి.

ఎనోస్

తా.క. అది దేనితో చచ్చిందో తెలపగలవు. అంటురోగమైతే డాక్టరుకు చెప్పాలి.

మార్చి 18

ఎనోస్ గారికి,

గాలివానకి పడింది. అంటుకోదు. బురదలో దుంగ తగలగానే నాన్న చిన్న ముక్క చెక్కి వాసన చూస్తాడు. ఘాటుగా ఉంటే చెక్క చెడలేదన్నట్టు, అప్పుడే పైకి తీస్తాడు. బతికున్నవాటిలో పెద్దవన్నీ ఎప్పుడో కొట్టేశారు. మిగిలినవి పెంకులు తీసేంత లావు కావాలంటే ఎనభై ఏళ్లు పడుతుంది. మీ పేరున ఒక మొక్క అట్టేపెట్టాం.

రోడా

తా.క. "అందాకా కప్పు కురిసేచోట పెట్టుకోమను" అని నాన్న ఒక బాల్చీ చేసి పంపుతున్నాడు.

ఏప్రిల్ 2

కుమారి రోడాకి,

ఆదివారం ప్రార్థనలో మూడు గంటలు వాన. బాల్చీ నిండింది, బయటికి చుక్క కారలేదు. ప్రసంగం ఎవరూ వినలేదు, అందరి కళ్లూ బాల్చీ మీదే. ఏకగ్రీవ తీర్మానం: కప్పంతా ఆ బాల్చీ చెక్కతోనే వేయాలి. ఆ చచ్చిన దుంగది ఒక్క పెంకు కూడా కలపరాదు.

ఎనోస్

తా.క. ఎంత లేత చెక్కో వాసనే చెబుతోందని మా ఆవిడ అంటోంది.

ఏప్రిల్ 9

ఎనోస్ గారికి,

చాలా సంతోషం. కానీ ఒక మాట దాచలేను. ఆ బాల్చీ చెక్క కూడా ఆ చచ్చిన దుంగలోదే. ఇది తెలిసి మీరు వద్దంటే ఫ్యాక్టరీకే పోతాను గానీ, అబద్ధం మీద చదువుకుని పిల్లలకి పాఠం చెప్పలేను.

రోడా

తా.క. ఇది చదివి వినిపిస్తే నాన్న కాదనలేదు. "నిజం చెప్పాల్సిందే తల్లీ. టపా ఎందుకు, నా చేత్తో నేనే ఇస్తాలే" అన్నాడు. పెంకులు బండికెత్తాడు. కప్పుకి ఆఖరి మేకు కొట్టగానే ఈ ఉత్తరం మీకిస్తాడట. ఇందులో అబద్ధం ఎక్కడుందా అని వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు.