పేరు కింది లైను

ప్రియమైన జాయిస్ తల్లికి,

నాన్న ప్రేమతో రాసేది. ప్రభువు కృప వల్ల ఇక్కడ నేను, మీ అమ్మ, ఆమె కుట్టుమిషను అందరం క్షేమం. విశాఖ హాస్టల్లో నువ్వూ వేళకి తింటూ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నయం. మొన్న ఆదివారం ఆరాధన కాగానే జగ్గయ్యపేట బస్సెక్కి, మీ అమ్మమ్మ దగ్గర్నుంచి కొత్త కారం డబ్బా తెచ్చింది. తిరుగు బస్సులో నందిగామ దాకా నిలబడే వచ్చిందట. ఆ మాట కూడా గొప్పగానే చెప్పింది. కారం శనివారం పార్సిల్ చేస్తాం. ఘాటు ఎక్కువ, రూమ్‌లో పిల్లలకి చూసి పెట్టు.

ప్రమోషన్‌తో ఆఫీసులో వచ్చిన కొత్త కుర్చీ బాగానే ఉంది. ఇరవై రెండేళ్లు నిలబడ్డ కాళ్లు కదా, కూర్చుంటే వాటికేమీ తోచడం లేదు. ఫస్ట్ పీరియడ్ టైముకి నా చెయ్యి ఇంకా గంట కొట్టే సుత్తి కోసం వెతుక్కుంటోంది. కొత్త అటెండరు కిషోర్‌బాబు రెండు నిమిషాలు ఆలస్యంగా కొడుతుంటే ముళ్ల మీద కూర్చున్నట్టుంటుంది. టైపింగ్ మాత్రం దారికొచ్చింది. ఈ ఉత్తరమంతా నేనే కొట్టాను. గంటన్నర పట్టింది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "నాన్నా, నువ్వు సూపరింటెండెంట్ ఎప్పుడయ్యావ్? చెప్పనేలేదు! నువ్వు కొట్టిన మెయిల్‌ని రూమ్‌లో అందరికీ చూపించా" అని రాశావు. ఫోన్లో నాలుగుసార్లు చెప్పబోయి, ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

నేను సూపరింటెండెంట్‌ని కాలేదమ్మా. జూనియర్ అసిస్టెంటునే.

ఆఫీసులో అందరూ మెయిల్ కింద పేరు, హోదా, కాలేజీ పేరు వచ్చేలా పెట్టుకోవాలని ప్రిన్సిపాల్‌గారు చెప్పారు. సెట్టింగుల్లోకి వెళ్లి, సిగ్నేచర్ అన్న గడిలో ఒకసారి రాసి సేవ్ చేస్తే చాలు, ఆ తర్వాత ప్రతి మెయిల్ కిందా దానంతటదే వచ్చేస్తుంది. కంప్యూటర్లు చెప్పే షాజాది మేడమ్ చూపించారు. ఎలా రాయాలో తెలియక, మొన్న రిటైరైన మా సూపరింటెండెంట్ తిరుపతిరావుగారి పాత మెయిల్లోంచి ఆ మూడు లైన్లూ కాపీ చేసుకున్నాను. పేరు మార్చాను. కాలేజీ ఎలాగూ ఒకటే. మధ్య లైను మర్చిపోయాను.

అక్కడిదాకా పొరపాటు. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మర్నాడే చూసుకున్నాను. పుస్తకాల షాపువాళ్లు "సూపరింటెండెంట్ గారికి నమస్కారములు" అని జవాబు రాశారు. దిద్దుదామని సెట్టింగులు తెరిచాను కూడా. అంతలో నీ మెయిల్ వచ్చింది. నీ సంతోషం చదివి, మూసేశాను. పదకొండు రోజులు అలాగే ఉంచాను.

ఎందుకంటే నీ టెన్త్ అప్లికేషను గుర్తొచ్చింది. జిరాక్స్ తీయించడానికి నేనే పట్టుకెళ్లాను. తండ్రి వృత్తి అన్నచోట 'అటెండర్' అని రాసి, కొట్టేసి, 'కాలేజీ ఉద్యోగి' అని రాశావు. అది అబద్ధం కాదు. నిన్ను అప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ నాకు బాధేసింది తల్లీ. ఇన్నాళ్లకి నా కూతురు నలుగురికీ చూపించుకునే లైను ఒకటి దొరికిందని ఆశపడ్డాను.

మీ అమ్మకి చెబితే కుట్టు ఆపకుండానే అంది: "పిల్ల సంబరపడింది నువ్వు మెయిల్ కొట్టావనయ్యా. రేపెళ్లి దిద్దుకో."

సోమవారం ప్రిన్సిపాల్‌గారితో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వి, "దిద్దేసెయ్ బాలస్వామీ, అందరికీ ఒక ముక్క రాసెయ్" అన్నారు. అప్పటిదాకా నా మెయిల్ అందుకున్న ముప్పై ఏడుమందికీ తప్పు ఒప్పుకుంటూ రాశాను. నువ్వు ముప్పై ఎనిమిదో దానివి. తిరుపతిరావుగారైతే ఫోన్ చేసి, "ఏవయ్యా, నేనిలా రిటైరయ్యానో లేదో నా పదవి ఎత్తుకుపోయావంటగా!" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

రూమ్‌లో వాళ్లకి మళ్లీ చూపించాలో వద్దో నీ ఇష్టం. చూపించకపోయినా నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఈ జూనియర్ అసిస్టెంట్ అన్న మాట బాగుంది. కష్టపడి తెచ్చుకున్నది, ఎవరు చూసినా భయం లేదు. కొత్త సిగ్నేచర్లో దాని కింద ఒక లైను ఎక్కువ పెట్టాను. షాజాది మేడమ్ చదివి, "ఇలా ఎవరూ పెట్టరండీ" అన్నారు. "నేను పెట్టుకుంటానండీ" అన్నాను.

ఇట్లు,
ప్రేమతో,
మీ నాన్న

బి. బాలస్వామి
జూనియర్ అసిస్టెంట్
(మొదటి ఇరవై రెండేళ్లు అటెండర్)
జూనియర్ కాలేజీ, నందిగామ