మచ్చలేని జామపండు

వదినగారికి నమస్కారం.

అంతా బాగున్నామని రాసేదాన్నే గానీ, మీ తమ్ముడుగారు రాయనివ్వడం లేదు. పాపకి మలబద్ధకం తగ్గడం లేదని డాక్టరమ్మకి చూపిస్తే, "రోజూ పళ్లూ కూరగాయలూ బాగా పెట్టండి" అంది. వాళ్ల నాన్నది పళ్లూ కూరగాయల కొట్టేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మంచివన్నీ కొనేవాళ్లకి, మచ్చపడ్డవి మాకు. బేరాలు బాగా జరిగిన రోజున ఆ మచ్చపడ్డవి కూడా మిగలవు, ఉత్తి పప్పుతో సరిపెట్టుకోవాలి. అడిగితే, "అమ్ముకునేవాడు తింటూ కూర్చుంటే కొట్టు నిలుస్తుందా?" అని నామీదే గయ్యిమంటారు. మీరొచ్చినప్పుడు మాత్రం బుట్టలో పైనున్నవి ఏరి మరీ తెస్తారు. మీ మాటైతే వింటారు. పొద్దున కొట్టు తెరవగానే పాపకని నాలుగు పక్కన పెట్టమని కాస్త గట్టిగా చెప్పండి.

నిన్న ఒళ్లు మండి, ఎదుటి కొట్టుకే వెళ్లి మచ్చలేని జామపండు కొన్నాను. ఆయన చూస్తూనే ఉన్నారు. చూడనివ్వండి! తీరా ఇంటికొచ్చి ముక్కలు కోసి పెడితే పాప ముట్టుకోలేదు. గుమ్మం వైపు చూస్తూ, "అత్త వస్తోందా అమ్మా?" అంది.

మీ మరదలు