డాబాకి ఏమీ కాలేదు

1996 నవంబర్ 7, దోహా

ప్లేట్ పగలగొట్టాను.

వంటగది గుమ్మంలో నిలబడి చెప్పాడు ఇమామ్. కడప మనిషి, సార్ కంపెనీ కారు తోలుతాడు. "అక్కా, మీ పక్క తుపాను పడిందంట. శానామంది పోయినారంట."

మేడం వచ్చి ప్లేట్ ముక్కలు చూసింది. నన్ను చూడలేదు.

నవంబర్ 8, శుక్రవారం

సెలవు. పొద్దుటి నుంచి టెలిఫోన్ ఆఫీసులో కూర్చున్నాను. అంతా గోదావరి జిల్లాల వాళ్ళే. ఒక్కరికీ లైన్ కలవలేదు.

హరి కనిపించాడు. మా ఊరివాడే, ఇక్కడ సైట్‌లో మేస్త్రీ. మా పక్కింటి నూకరత్నానికి తమ్ముడు. నేను ఇక్కడికొచ్చాక నా కూతురు సునందకి జడ వేసేది నూకరత్నమే. జ్వరమొస్తే పక్కన పడుకునేదీ ఆమే. సునంద ఆమెను పెద్దమ్మా అంటుంది. వాళ్ళది తాటాకిల్లు. ఆ వీధికంతటికీ డాబా మాదొక్కటే.

"మీ ఇల్లుంది కదక్కా. పిల్లల్నేసుకుని అందులోకి వచ్చేసుంటది. నాకేం భయం లేదు" అన్నాడు హరి. ఆ మాటతో నాకూ ధైర్యం వచ్చింది.

నవంబర్ 9

కలవలేదు.

నవంబర్ 12

కలిసింది! అమలాపురంలో బావగారింటికి. మా ఆయనే ఎత్తారు. తుపాను రోజు మధ్యాహ్నమే, గాలి ముదరకముందే, అత్తగారినీ సునందనీ తీసుకుని అమలాపురం వచ్చేశారట. అందరూ క్షేమం. "మన డాబాకి ఏమీ కాలేదే! పెచ్చు కూడా ఊడలేదు" అన్నారు. నూకరత్నం సంగతి అడిగేలోపు లైన్ కట్ అయింది.

బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషంతోనే. ఆ ఇంట్లో ప్రతి ఇటుకా ఈ ఇంట్లో నేను తుడిచిన నేల. ఊరంతా పడిపోతే అది నిలబడింది. ఇమామ్ చేత ఖర్జూరాలు తెప్పించి అందరికీ పంచాను. మేడం కూడా ఒకటి తింది.

నవంబర్ 15

నూకరత్నం పోయింది.

హరి క్యాంప్‌కి ఫోన్ వచ్చిందట. కంపెనీ ఎమర్జెన్సీ లీవ్ ఇచ్చింది, నిన్ననే వెళ్ళిపోయాడు. ఇమామ్ చెప్పాడు. కొబ్బరిచెట్టు మీద పడిందని మాత్రమే తెలుసట.

డాబా పక్కనే ఉండగా చెట్టు కింద ఎందుకుంది?

నవంబర్ 22

ఆయనతో మాట్లాడాను. నూకరత్నం గురించి అడిగితే, ఎవరి రాత ఎలా ఉంటే అలా జరుగుతుందన్నారు. సునందని ఫోన్‌లోకి పిలవమంటే పడుకుందన్నారు. అక్కడ అప్పుడు సాయంత్రం ఐదు.

తర్వాత ఆయన గొంతులో హుషారు వచ్చింది. బ్యాంకు లోను ఇచ్చినప్పుడు బలవంతంగా చేయించిన ఇన్సూరెన్స్ ఇప్పుడు పనికొచ్చిందట. వరండా రేకూ వీధి తలుపూ గ్రిల్లూ దెబ్బతిన్నాయి, కిటికీ అద్దాలు మాత్రం నిలిచాయి, క్లెయిమ్ పెట్టానన్నారు. పెచ్చు కూడా ఊడలేదన్నారు కదా అన్నాను. తలుపు సంగతి తర్వాత చూసుకున్నారట.

తలుపు కూడా గాలికేనా అని అడిగాను.

"ఆఁ, గాలికే" అన్నారు.

డిసెంబర్ 11

దోహాలో వాన. ఇక్కడ వాన అంటే పండగలా చూస్తారు. పిల్లలు బాల్కనీలో గెంతారు. హాల్లో కిటికీ పక్క నుంచి నీళ్ళు కారి కార్పెట్ ఒక మూల తడిసింది. సార్, మేడం లెబనాన్ వాళ్ళు, ఇంట్లో ప్రతిదానికీ ఇన్సూరెన్స్ ఉంది. రేపు మనిషి వస్తాడట ఫోటోలు తీయడానికి.

మేడం బకెట్ తెమ్మంది. మిగతా కార్పెట్ కూడా తడపమంది. "యల్లా, అరుంధతీ" అని తొందరపెట్టి నవ్వింది.

తడిపాను. తడుపుతుంటే మా తలుపే గుర్తొస్తోంది. గాలి తలుపునీ గ్రిల్లునీ కొట్టి కిటికీ అద్దాలను ఎలా వదిలేస్తుంది?

1997 జనవరి 3, శుక్రవారం

హరి ఊరినుంచి వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు దగ్గరే నిలబడి చెప్పాడు. గొంతు పెంచలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ఇళ్ళ కప్పులు లేచిపోతుంటే వీధి మొత్తం మా డాబాకి పరిగెత్తిందట. గ్రిల్లుకి తాళం. తలుపుకి తాళం. లోపల ఎవరైనా ఉన్నారేమోనని అరిచారట. మగవాళ్ళు గునపంతో గ్రిల్లు వంచారు. తలుపు మీద గొడ్డలి వేశారు. రాలేదు. మంచి చెక్క. నేను పంపిన డబ్బుతోనే కొన్నది.

కొందరు స్కూలు వైపు వెళ్ళారు. నూకరత్నం పిల్లల్ని మొగుడితో పంపించి, నడవలేని అత్తగారితో మా వరండాలో ఉండిపోయింది. వరండా రేకు ఎగిరిపోయింది. ముందు జాగాలో ఉన్న చెట్టు ఇద్దరి మీదా పడింది.

"తాళంచెవి మాకిచ్చెళ్ళినా సరిపోను కదక్కా. మా అక్క మీ ఇంట్లో చీపురుపుల్ల ముట్టుకునే మనిషి కాదు" అన్నాడు.

అతను వెళ్ళాక టెలిఫోన్ ఆఫీసుకి బయల్దేరాను.

అదే రోజు, సాయంత్రం

ఫోన్ చేశాను. ఆయన ముందు కాదన్నారు. తర్వాత కేకలేశారు. తాళం వేసుకోకుండా వెళ్తే, జనం దూరి సామాను పోతే, పైసా రాదని ఏజెంట్ చెప్పాడట. నువ్వు పంపిన టీవీ, ఫ్రిజ్, అన్నీ బురద కాళ్ళ పాలు చెయ్యమంటావా అన్నారు. ఇంత తుఫాను వస్తుందని కలగన్నానా అన్నారు.

మరి ఆ తలుపు? అన్నాను.

"కాగితంలో గాలికి అని రాయించాను. ఇప్పుడు నువ్వేం పాడుచెయ్యకు."

గొడ్డలి దెబ్బలకి క్లెయిమ్. వాళ్ళు ప్రాణాల కోసం వేసిన దెబ్బలకి.

సునందని పిలిచారు ఈసారి. అది ఒక్కటే అడిగింది: "అమ్మా, మనం పెద్దమ్మని కూడా అమలాపురం ఎందుకు తీసుకురాలేదు?"

ఫిబ్రవరి 18

క్లెయిమ్ శాంక్షన్ అయిందట. కొత్త తలుపు పెట్టించారు. టేకు.

మార్చి 21

ఆయనకి డబ్బు పంపడం మానేసి రెండు నెలలైంది. ఆయన ఇమామ్ నంబర్‌కి ఫోన్ చేసి నేను చెడిపోయానేమో కనుక్కోమన్నారట. ఇమామ్ తలవంచుకుని చెప్పాడు. "నాకేల ఈ మాటలు, అట్లాంటివి నాకు సెప్పొద్దు అన్నానక్కా" అన్నాడు. మంచివాడు.

ఈ రోజు హరి క్యాంప్‌కి వెళ్ళాను. మీ బావనీ పిల్లలనీ మా డాబాలో ఉండమను, ఇల్లు నా పేరునే ఉంది, మా ఆయనతో నేను తేల్చుకుంటాను అన్నాను. వాళ్ళు ఇంకా గవర్నమెంట్ ఇచ్చిన టార్పాలిన్ కిందే ఉన్నారు.

హరి నా కోసం టీ తెచ్చాడు. తను తాగలేదు.

"మా బావ ఆ గుమ్మం తొక్కడక్కా."

మే 2

మేడంని లీవ్ అడిగాను. వేసవిలో వాళ్ళు బీరూట్ వెళ్ళాక వెళ్ళమంది. తిరిగి వస్తానా అని అడిగింది. వస్తానన్నాను. ఆ లోను కట్టాలిగా.

జూన్ 14, ఊళ్ళో

ఆయన అమలాపురంలోనే ఉన్నారు. సునంద నా దగ్గరుంది.

సాయంత్రం నుంచి గాలివాన. అన్ని తలుపులూ తెరిచాను. వీధిలోకి వెళ్ళి ఇంటింటికీ పిలిచి వచ్చాను. నూకరత్నం మొగుడు పిల్లలిద్దరి మీదా గోనెపట్టా కప్పి, మా వరండా ముందునుంచే స్కూలుకి నడిచి వెళ్ళాడు. మిగతా వాళ్ళూ అతని వెనకే వెళ్ళారు.

ఇప్పుడే సునంద కూడా గొడుగు తీసుకుని వాళ్ళ వెంట వెళ్ళింది.