చెల్లె అరిచే పాటలు

ఆదివారం, సిరిసిల్ల

పదకొండేళ్లుగా హైదరాబాదు, బెంగళూరు క్లబ్బుల్లో హార్డ్‌కోర్ పంక్ పాడుతున్న మా చెల్లె లావణ్య ఈ రోజు మొదటిసారి సొంతూరి ఫంక్షన్ హాల్లో పాడింది. పాడటమంటే అరవటమే. డ్రమ్ముల దడదడలో ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, ఆ గొంతుకు ఒళ్లు జలదరించింది. ఇంత తెగువ మా ఇంట్లో ఇంకెవరికుంది?

ఒక్క పాట మాటలు మాత్రం నాకు ముందే తెలుసు. స్కూల్లో స్టేజీ ఎక్కినందుకు మా బాపు కొట్టిన చెంపదెబ్బ మీద రాసింది. "ఎవ్వలకు సమజ్ గాదులే అక్కా" అని ధీమాగా పాడేసింది. ముందు వరసలో కూర్చున్న బాపు దాని మొహం మీంచి చూపు తిప్పలేదు.

ఇంటికొచ్చాక మెల్లగా అన్నాడు: "నలభై ఏండ్లు సాంచాలు నడిపిన, బిడ్డా. గా చప్పుడుల మేం పెదాలు సూసే మాట్లాడుకుంటం."

చెల్లె మొహం పాలిపోయింది. ఆ మరమగ్గాల మోతలో పుట్టి పెరిగిన మేమిద్దరం ఆ సంగతి ఎలా మరిచిపోయాం?

"కొట్టింది నిజమే. రేపు కోరుట్లల గూడ గదే పాడు. ముందట్నే కూసుంట."

పాడతావా అని ఇందాక అడిగాను. చెల్లె గోరువెచ్చని నీళ్లలో ఉప్పేసుకుని పుక్కిలిస్తోంది.