అద్దం మీద చెయ్యి

పాలమూరు,
వానకాలం, 1962.

పూజ్యురాలైన మా గుర్వవ్వ పాదాలకు మనుమడు ఐలేశం దండాలు పెట్టి రాసేది. ఇక్కడ క్షేమమని రాద్దామంటే కలం ముందుకు పోవడం లేదు.

పోయిన నెల నేను మన గూడేనికి తెచ్చి చూపించిన నల్ల కారు గుర్తుంది కదా? మా పరమేశ్వర్ సేటు నూలు వ్యాపారానికి తిరిగే కారు. అవ్వా, దానికి దయ్యం పట్టింది. మొన్న మక్తల్‌లో నేతవాళ్లకు నూలు ఇచ్చి వస్తుంటే వాన అందుకుంది. తలుపుల అద్దాలు ఎక్కించాను. కాసేపటికి ముందటి అద్దం తెల్లగా మసకబారింది. ఆ మసకలో, సరిగ్గా నా మొహానికి ఎదురుగా, ఒక అరచెయ్యి లేచింది. వేళ్లన్నీ చాచి 'ఆగు' అంటున్నట్టు! నేను బ్రేకు తొక్కితే వెనక నిద్రపోతున్న సేటు మిగిలిన నూలు మూట మీద పడ్డాడు.

తలుపుల అద్దాలు దించితే అది మెల్లగా మాయమైంది. ఇంటికి వచ్చి బయటి నుంచి సబ్బు పెట్టి కడిగాను. తర్వాతి వానకు మళ్లీ వచ్చింది. ఎవరో బయట నిలబడి కారును వెనక్కి నెడుతున్నట్టే ఉంది. లోపలి వైపు తుడవడానికి నాకు ధైర్యం చాలలేదు. నా చెయ్యి దాని చేతిలో పడితే ఏం గతి?

ఊళ్లో అందరి దిష్టీ తీసేదానివి. అద్దానికి ఏం పూయాలో రాయించు.

నీ మనుమడు,
ఐలేశం.

తా.క. వానలో కారు నడుపుతూ కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకోవద్దని సేటు గట్టిగా చెప్పాడు.

* * *

రాళ్లగూడెం,
దేవరకొండ తాలూకా.

చిరంజీవి ఐలేశానికి మీ అవ్వ గుర్వమ్మ దీవించి రాయించేది.

నీ ఉత్తరం మన మగ్గం నేసే సాలె వెంకటరాజం సదివి ఇనిపిచ్చిండు బిడ్డా. మీ నాయిన గిట్లనే నవ్వుకుంట లారీ ఎక్కి పోయిండు, మల్ల రాలే. ఇప్పుడు నీ మొహం ముందర చెయ్యి లేస్తాందంటే నాకు ముద్ద దిగుతలేదు. ఏ పొలిమేరల కారు ఆపినవో, ఎవరు ఎంట వడ్డరో!

కుంకుడు రసం చిక్కగ తీసి అద్దమంత కడుగు. ఎండినంక పొగాకు నానవెట్టి రుద్దు. పొగాకు ఘాటుకు మనుషులే నిలువరు, దయ్యాలెంత. నువ్వు మాత్రం జర పైలం.

ఇట్లు,
గుర్వమ్మ వేలిముద్ర.

తా.క. ఇది ఉత్తరం రాసిపెట్టే వెంకటరాజం సొంత మాట. దయ్యాల సంగతి నాకు తెలియదు. కానీ నూలుకు గంజి పెడితే ఎంత నిగనిగలాడుతుందో కళ్లారా చూసినవాణ్ని. అద్దానికి కూడా పలుచగా పెట్టి చూడు.

* * *

పాలమూరు.

పూజ్యురాలైన అవ్వకు ఐలేశం రాసేది.

కుంకుడు రసం, పొగాకు, గంజి అన్నీ అయ్యాయి. కుంకుడు రసం అద్దం అంచుల్లో మిగిలిందేమో, వాన పడగానే నురగ లేచి దారే కనబడలేదు. పొగాకు ఘాటుకు సేటు భార్య ఆండాళమ్మ పాలమూరు దాకా తుమ్ముతూనే వచ్చింది. చెయ్యి మాత్రం తుమ్మలేదు. ఇక గంజి సంగతి. కొల్లాపూర్ సంతలో కారు ఆపి చాయ్ తాగి వచ్చేసరికి రెండు మేకలు బానెట్ ఎక్కి అద్దం నాకుతున్నాయి.

సేటు విసిగిపోయి నన్ను హైదరాబాదు పంపాడు. మోటారు సామాన్ల దుకాణంలో రెండు సీసాలు చూపించారు. ఒకటి మురికి వదలగొట్టే నీలం నీళ్లు, ఇంకొకటి వాన నిలవకుండా పూసే మైనం. "ఏది కావాలె? దేనికి?" అన్నాడు దుకాణం ఆయన. "చెయ్యి పోవాలె" అన్నాను. ఆయన నా రెండు చేతులూ తిప్పి చూసి దవాఖానకు దారి చెప్పాడు. సిగ్గుపడి రెండు సీసాలూ కొనుక్కొచ్చాను.

నీలం నీళ్లతో కడిగి మైనం పూశాను. అబద్ధమెందుకు, మంచి సరుకే. ఇప్పుడు వాన గొంగడి మీద నుంచి జారినట్టు జారిపోతోంది. బయట మరకన్నది లేదు. అందువల్ల చెయ్యి ఇంకా బాగా కనబడుతోంది!

నిన్నటి వానలో ఆండాళమ్మ కూడా చూసింది. "గది మా అత్త లక్ష్మీనర్సమ్మ చెయ్యే! గా చెయ్యి నా చెంపకు ఎరుకే!" అని అరిచి వానలోనే దిగి నడిచింది. చచ్చిపోయిన అత్త వచ్చిన కారు తనకొద్దంటోంది. సేటు ఈ అమావాస్య దాటగానే అమ్మేస్తానంటున్నాడు. కారు పోతే నా కొలువూ పోతుంది అవ్వా. భయంతో చావాలో, కొలువు లేక చావాలో తెలియడం లేదు.

నీ మనుమడు,
ఐలేశం.

తా.క. సేటు అద్దం ముందు చేతులు కట్టుకుని, "అమ్మా, నీ గొలుసు చెల్లెకు ఇయ్యమన్నవు, ఆండాళుకు ఇచ్చిన, తప్పయింది" అన్నాడు. అప్పుడు ఆ చెల్లెలు వెనక సీట్లోనే ఉంది.

* * *

రాళ్లగూడెం.

చిరంజీవి ఐలేశానికి అవ్వ ఏడ్సుకుంట రాయించేది.

కారు దిగు బిడ్డా. కొలువు పోతే పోనీ. మనకు గొర్లున్నయి, గొర్లకు అద్దాలుండయి. బీరప్ప దేవునికి ముడుపు గట్టిన. నువ్వు ఇల్లు చేరెదాంక నాకు నిద్ర లేదు.

దిగే ముందర ఒక్క పని చెయ్యి. గా చెయ్యిని ధైర్నంగ చూసి రాయి. ఆడదా, మొగదా? పెద్దదా, చిన్నదా? ఎవరో తెలిస్తే పేరువెట్టి పిలిచి, బువ్వ వెట్టి సాగనంపుత.

ఇట్లు,
గుర్వమ్మ వేలిముద్ర.

తా.క. వెంకటరాజం మాట: మేకలు అంతగా నాకాయంటే గంజి కుదిరినట్టే. లోపం గంజిది కాదు.

* * *

పాలమూరు.

పూజ్యురాలైన అవ్వకు, చూసి బతికిన ఐలేశం రాసేది.

నిన్న పగలే కారులో కూర్చుని తలుపులన్నీ మూశాను. సేటు గొడుగు పట్టుకుని వీధి అవతల నిలబడ్డాడు. అద్దం మీద ఊపిరి ఊదాను. లేచింది. చిన్న చెయ్యి, ఆడ చెయ్యి. వేళ్లు కష్టం చేసిన వేళ్లలా కాస్త వంకరగా ఉన్నాయి. కళ్లు మూసుకుని వేలి కొసతో ముట్టుకున్నాను. జారింది! వాసన చూస్తే ఆముదం! తలంటుకుని వచ్చే దయ్యాన్ని ఎక్కడైనా విన్నామా? తలుపు తెరిచానో లేదో తెలియదు, తర్వాత చూసుకుంటే సేటు గొడుగు కింద ఉన్నాను.

ఇక నా వల్ల కాదు. ఈ వారం చివర తాళాలు ఇచ్చేస్తాను. డ్రైవర్‌నయ్యానని కారు తెచ్చి ఊరంతా హారను మోగించినవాణ్ని, గొర్లు కాసే కర్ర పట్టుకుని తిరిగి రావడానికి సిగ్గుగా ఉంది. ఎవరూ ఏమీ అడగకుండా నువ్వే చూడు.

నీ మనుమడు,
ఐలేశం.

తా.క. దయ్యం బారి నుంచి నన్ను కాపాడమని సేటును పట్టుకున్నాను. సేటు నన్ను పట్టుకున్నాడు. మమ్మల్ని విడదీయడానికి ఆండాళమ్మ రావాల్సి వచ్చింది.

* * *

రాళ్లగూడెం.

చిరంజీవి ఐలేశానికి అవ్వ తొందర తొందర రాయించేది.

తాళాలు ఇయ్యకు! ఇచ్చినా ఉరికి మల్ల గుంజుకో! బిడ్డా, గా చెయ్యి నాదే.

నువ్వు కారు తెచ్చిన నాడు అద్దం మీద మరకలయితయని అందర్ని దూరం కొట్టినవు, నన్ను గూడ. మీ తాత మందను దూరం తోలినప్పుడల్ల ముందటి పొట్టేలు నొసలుకు ఆముదం చెయ్యి అద్ది పంపేదాన్ని. మంద ఎన్నడు తప్పిపోలే. మీ నాయిన లారీ ఎక్కిన నాడు ఇంట్ల ఆముదం అయిపోయింది. అప్పటి సంది నా గుండెల దడ పోలే. అందుకే నువ్వు బువ్వ తింటాంటే సప్పుడు జెయ్యక కార్ల దూరిన. కారుకు నొసలంటే అద్దమే గదా! బయట అద్దితే కడుగుతవని లోపట అద్దిన, నీ మొహం ముందర. నువ్వు దయ్యం అన్నవు, నేను దయ్యాన్నే దేవులాడిన. నా చెయ్యి నాకే యాదికి రాలే. నీకేమన్న అయితదని నేను భయపడి పెట్టిన చెయ్యికి, నువ్వు గంత భయపడ్డవు!

కుంకుడు రసం బట్టకద్ది లోపట తుడువు, పోతది. సేటుకు నిజం చెప్పు. ఆండాళమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పకు. ముందుగాల గా గొలుసు సేటు చెల్లె మెడల వడనీ.

తుడిచినా నేను ఆడనే ఉన్ననుకో. మెల్లగ నడుపు బిడ్డా.

ఇట్లు,
గుర్వమ్మ.

తా.క. వెంకటరాజం మాట: వేలిముద్ర వేయమంటే, ఆముదం గిన్నె తెచ్చుకుని అరచెయ్యంతా అద్దింది. నేను వద్దన్నా వినలేదు. ఉత్తరం పట్టుకుపోయే ఏసోబు సైకిలుకు కూడా అద్దింది. కాగితం వెలుతురులో పెడితే చెయ్యి కనబడుతుంది, భయపడకు. దీన్ని మాత్రం కడగొద్దు.