కిరణ్మయి అడిగిన మాట

కూకట్‌పల్లి, 9-9-98

అత్తయ్యగారికి నమస్కారాలు. ఇద్దరం కులాసాగానే ఉన్నాం.

కిరణ్మయిని తొమ్మిదో తరగతిలోనే ఎంసెట్ కోచింగులో చేర్చాను. ప్రతి ఆదివారం పరీక్ష. మానేస్తే కింది సెక్షనుకి మారుస్తారట. హైటెక్ సిటీ ఉద్యోగాలన్నీ పై సెక్షను వాళ్ళకేనని మాస్టారు బెదిరిస్తున్నారు.

నిన్న "నాన్నా, అమ్మ సంవత్సరీకం ఆదివారం పడింది. శనివారం పెట్టుకోకూడదా?" అంది. పరీక్ష కోసం అలా అడిగేసరికి నాకు భయం వేసింది. తిథి మారదమ్మా, పరీక్ష రాసి రా, మధ్యాహ్నం మొదలుపెడదాం అన్నాను. పురోహితుడుగారు ఒప్పుకున్నారు. మీరూ తప్పుపట్టకండి.

మామయ్యగారి మోకాలు తగ్గిందా? ఆయన రాలేకపోతే మీరొక్కరే నాలుగు రోజులు ముందుగా రండి. మార్కులు అడగకండి. వాళ్ళమ్మ పోయాక ఇది ఒక్కసారీ ఏడవలేదు. మీ పక్కన పడుకుంటే ఏడుస్తుందేమో.

మీ అల్లుడు,
సుందరశివరావు